పరిణామం నిజమైతే రక్షణ సంగతేంటి? – తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నల్గొండలో ఇంటర్ బైపీసీ పిల్లలకు జువాలజీ చెప్తాను. ఆదివారం మా చర్చిలో సండే స్కూల్ చూసుకుంటాను. వారమంతా డార్విన్, ఆదివారం ఆదాము. "రెండూ ఒక్క నోటితో ఎట్ల చెప్తరు సార్?" అని అడగని బ్యాచ్ లేదు. ఆ పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ, దేవరకొండ, పాలమూరు వైపు యూత్ మీటింగుల్లో చీటీల మీద రాసి పంపినవాళ్లూ అడిగిన ప్రశ్నలివి. జవాబులు నా సొంతం, ఏ సంఘం తరఫునా చెప్పడం లేదు. తప్పుంటే నన్నే పట్టుకోండి.

పరిణామాన్ని ఒప్పుకుంటే నా రక్షణ పోతుందా?

పోదు. రక్షణ అంటే యేసు ద్వారా పాపం నుంచి విడుదల. ఫిలిప్పీ చెరసాల నాయకుడు వణుకుతూ వచ్చి రక్షణ పొందాలంటే ఏం చేయాలని అడిగితే, "ప్రభువైన యేసునందు విశ్వాసముంచుము" అన్నారు యేసు సువార్త చెప్తూ తిరిగిన పౌలు, సీల. ముందు భూమి వయసెంతో చెప్పమని అడగలేదు. చర్చిలో మనం చదివే అపొస్తలుల విశ్వాస ప్రమాణంలోనూ దేవుడు భూమ్యాకాశాలను సృజించాడనే ఉంది, ఎన్నాళ్లలోనన్న లెక్క లేదు.

ఈ ప్రశ్న వెనకున్న టెన్షన్ నాకు తెలుసు. పాత మోటబావికి కట్టిన రాళ్లలో ఒకటి లాగితే గోడంతా జారి బావిలో పడుతుందేమోనన్న భయం అది. లాగబోయేది ఏ రాయి, దాని మీద ఎంత బరువుంది అన్నది మాత్రం ఎవరూ వంగి చూడరు. కింది ప్రశ్నల్లో నేను చేసేది ఆ వంగి చూడడమే.

అది వట్టి థియరీయే కదా?

థియరీ అన్న మాటను మనం ఇళ్లలో ఊహ అన్నట్టు వాడేస్తాం. 'సిద్ధాంతం' అనే మన మాటే నయం, విచారించి తేల్చినదని అందులోనే ఉంది.

క్లాసులో నేను చెప్పే ఉదాహరణ ఒకటి. మేక తనకు కావలసిన విటమిన్ సి తన ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. మనకు చేతకాదు, అందుకే నిమ్మకాయలూ ఉసిరికాయలూ వెతుక్కుంటాం. అలాగని ఆ పని చేసే జన్యువు మనలో లేకుండా పోలేదు. ఉంది, చెడిపోయి ఉంది. చింపాంజీలోనూ, గుడి దగ్గర కొబ్బరి చిప్ప లాక్కునే కోతిలోనూ అదే జన్యువు చెడిపోయే ఉంది. పేపర్లు దిద్దేటప్పుడు పక్కపక్క నంబర్లవాళ్లు ఒకే ప్రశ్నకు ఒకే తప్పు జవాబు రాస్తే మేమేమనుకుంటాం? ఒకే గైడు బట్టీ పట్టారని. ఈ తప్పూ ఒకే పూర్వీకుడి నుంచి దిగిందని అలాగే అనుకోవాలి. ఇంకొకటి: మనకు క్రోమోజోములు 23 జతలు, చింపాంజీకి 24. మన రెండో క్రోమోజోమును పరీక్షగా చూస్తే, ఒకప్పుడు విడిగా ఉన్న రెండు అతుక్కున్న చోటు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఎముకలే చూడాలనుకునేవాళ్లు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లండి. అక్కడ నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఆదిలాబాద్ వైపు నేలలో దొరికింది, వయసు పదిహేను కోట్ల ఏళ్లకు పైమాటే.

కోతి నుంచి మనిషి పుట్టాడంటారా?

అనను. మీ పెదనాన్న కొడుకు మీకు అన్న అవుతాడు గానీ నాన్న అవుతాడా? చింపాంజీకీ మనకూ ఉన్నది ఆ వరస. ఇద్దరికీ ఒక తాత ఉన్నాడు, అరవై డెబ్బై లక్షల ఏళ్ల కిందట.

మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రికి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఈ పాఠం సులువుగా ఎక్కుతుంది. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే ఆ మర్రి మూడెకరాలు అల్లుకుంది. ఊడలు దిగి, నేల పట్టి, లావెక్కి అవే మాన్లయ్యాయి. "మొదటి మాను ఏది సార్?" అని వెతుకుతూ అటూ ఇటూ పరిగెత్తుతారు. దానికి చెదలు పట్టి ఒక పెద్ద కొమ్మ విరిగితే 2018లో సెలైన్ సీసాల్లాంటివి కట్టి చుక్కలు చుక్కలుగా మందెక్కించారు. అది చూసినవాళ్లకు చెట్టన్నా జాలే, కాలమన్నా భయమే.

మరి ఆరు రోజులు?

దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని చేశాడని బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండం చెప్తుంది. అందులో సూర్యుణ్ని చేసింది నాలుగో రోజున. మొదటి మూడు రోజులకు పొద్దు ఎట్లా పొడిచింది, ఎట్లా గూకింది? ఈ ప్రశ్న నాకు వేసింది ఆరో తరగతి అమ్మాయి. ఆమె కంటే పదహారు వందల ఏళ్ల ముందు ఆగస్టీను అనే క్రైస్తవ పండితుడు కూడా ఇక్కడే ఆగి, ఈ దినాలు మన దినాల్లాంటివి కావని రాశాడు. అప్పటికి డార్విన్ లేడు, శిలాజాల గొడవ లేదు. లోకం క్రీస్తుపూర్వం 4004లో మొదలైందన్న లెక్క 17వ శతాబ్దంలో ఐర్లాండులో అషర్ అనే ఆర్చిబిషప్ వంశావళులు కూడి తేల్చింది. బైబిల్లో ఆ అంకె ఎక్కడా లేదు.

ఆదికాండం 1:24 మళ్లొకసారి నిదానంగా చదవండి. జీవముగల వాటిని "భూమి పుట్టించుగాక" అన్నాడు దేవుడు. ఆజ్ఞ ఆయనది, కనే పని భూమికి అప్పజెప్పాడు. నాకు ఈ ఒక్క వాక్యం చాలు.

ఆదాము నిజంగా ఉన్నాడా, లేడా?

ఇది అసలు ముడి. ముందు జన్యుశాస్త్రం చెప్పేది వినండి. మనలాంటి మనుషుల ఎముకలు మొరాకోలో మూడు లక్షల ఏళ్ల నాటివి దొరికాయి. ఇప్పుడున్న మనుషుల డీఎన్‌ఏలో ఇంత తేడా ఉండాలంటే మన పూర్వీకులు ఏ కాలంలోనూ ఇద్దరికి పడిపోలేదని, వేలల్లోనే ఉన్నారని ఎక్కువమంది జన్యుశాస్త్రవేత్తల లెక్క.

ఇప్పుడు బైబిల్ దగ్గరికి రండి. హెబ్రీలో 'ఆదాము' అంటే మనిషి, 'ఆదామా' అంటే నేల. మన్నయ్య అన్నట్టే. ఆదికాండం నాలుగో అధ్యాయంలో ఆదాము కొడుకు కయీను తనను చూసినవాడెవడైనా చంపుతాడని వణుకుతాడు. ఎవరు వాళ్లు? భార్య ఎక్కడిది? ఊరు కట్టాడంటే ఎవరి కోసం? సండే స్కూల్లో కయీను పెళ్లాం గురించి అడిగి మొట్టికాయలు తిన్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

దీని మీద క్రైస్తవులు ఒక్క మాట మీద లేరు. కొందరికి ఆదాము మనందరి కథ, పేరుకు ఒక్కడు. కొందరేమో, అప్పటికే ఉన్న మనుషుల్లోంచి దేవుడు ఒక జంటను పిలిచి తన మాట వినిపించాడని, వాళ్లు అందరి తరఫునా తప్పారని అంటారు. కతోలికుల సంగతికొస్తే, 1950లో పన్నెండో పయస్ పోపు మనిషి శరీరం ఎట్లా వచ్చిందో పరిశోధించుకోవచ్చన్నాడు గానీ, ఆదాములు చాలామంది అన్న మాట ఆదిపాప బోధతో (ఆదాము చేసిన తప్పు మనుషులందరికీ అంటిందన్న బోధతో) ఎట్లా పొసుగుతుందో కనిపించడం లేదన్నాడు. 1996లో రెండో జాన్ పాల్ పోపు పరిణామం వట్టి ఊహను దాటిపోయిందన్నాడు.

నేను ఒక జంటను దేవుడు పిలిచాడనేవాళ్ల వైపు. సర్పంచ్ సంతకం పెడితే ఊరంతా బాకీ పడుతుంది. ఆయన ఊరందరికీ తండ్రి కానక్కర్లేదు. పౌలు ఆదామునూ క్రీస్తునూ పక్కపక్కన నిలబెట్టింది ఇలా అందరి తరఫున నిలబడ్డ తలకాయల్లాగానే అని నేననుకుంటాను. క్రీస్తు రక్తసంబంధంగా మనకెవరికీ తండ్రి కాడు, అయినా ఆయన చేసింది మన ఖాతాలో పడిందని నమ్ముతున్నాం కదా.

ఆదాము కథ చరిత్ర కాకపోతే ఆదిపాపం ఉండదు, ఆదిపాపం లేకపోతే సిలువ దేనికి?

ఇంతకంటే బలమైన అభ్యంతరం నాకు తెలియదు. నాస్తిక మిత్రులూ, మా పాస్టరు గారూ ఇద్దరూ ఇదే అడుగుతారు.

రోమా 5:12 మన తెలుగు బైబిల్లో "మనుష్యులందరు పాపము చేసినందున మరణము అందరికిని సంప్రాప్తమాయెను" అని ఉంది. 'చేసినందున' అన్న మాట దగ్గర ఆగండి. ఆగస్టీను చదివిన లాటిన్ అనువాదంలో అది 'అతనిలో అందరూ పాపం చేశారు' అన్నట్టు వచ్చింది. పుట్టిన బిడ్డకు ఆదాము నేరం కూడా సంక్రమిస్తుందన్న బోధకు ఆ వాక్యం పెద్ద ఊతమైంది. గ్రీకు చదువుకున్న తూర్పు సంఘాలు అంతదూరం పోలేదు. మరణమూ, వంకర స్వభావమూ వారసత్వంగా వస్తాయి గానీ నేరం ఎవరిది వారిదే అన్నాయి. మన తెలుగు అనువాదం ఈ ఒక్కచోట వాళ్ల వైపే ఉంది.

రెండో శతాబ్దంలో లియోన్స్ బిషప్ ఐరేనియస్ ఇంకో దారి చూపించాడు. ఆదాము హవ్వలు పిల్లల్లాంటివాళ్లు, ఇంకా ఎదగాల్సినవాళ్లు, దారి తప్పారు. క్రీస్తు పసితనం నుంచి పెద్దరికం దాకా మనిషి బతుకంతా తాను మళ్లీ నడిచి, తప్పినచోటల్లా సరిచేశాడు. పరిణామం చదివినవాడికి ఈ మాట ఎంత దగ్గరగా ఉంటుందో చెప్పలేను. రక్షణ అంటే పోగొట్టుకున్న తోటలోకి తిరిగిపోవడం ఒక్కటే అనుకుంటే సైన్సుతో తంటా వస్తుంది. మనిషి చేరాల్సిన చోటికి చేర్చడం కూడా రక్షణే అనుకుంటే ఆ తంటా సగం తగ్గుతుంది.

మరి పాపం ఎక్కడ మొదలైనట్టు? ఆకలి, భయం, మనవాడన్న పక్షపాతం మనకు జంతువుల నుంచే వచ్చాయి. కుక్క రొట్టె ఎత్తుకుపోతే పాపం అనం. చెరువు కింద వంతు నీళ్ల కాలంలో నేను చూసిన సంగతి చెప్తాను. ఇద్దరు అన్నదమ్ములు. ఆ రాత్రి వంతు తమ్ముడిది. అన్న పార పట్టుకుని, చెప్పులు గట్టు మీద విడిచి, చప్పుడు కాకుండా మడవ తన మడిలోకి తిప్పుకున్నాడు. పొలం ఎండుతోందన్న భయం ఏ జీవికైనా ఉంటుంది. కానీ ఆ చెప్పులు? చప్పుడు కాకూడదని విడిచిన ఆ చెప్పుల దగ్గర పాపం ఉంది. తెలిసి చేశాడు, తెలియకూడదనుకున్నాడు. ఆ 'తెలియడం' మన వంశంలో ఏనాడు మొదలైందో ఏ శిలాజమూ చెప్పదు. అది మనలో ఉందనడానికి మాత్రం శిలాజం అక్కర్లేదు.

సిలువ గురించి యూదుల పెద్ద నీకొదేముతో మాట్లాడుతూ యేసు ఎత్తుకున్న పోలిక పాముకాటు. అరణ్యంలో పాములు కరిచినవాళ్లు మోషే ఎత్తిన ఇత్తడి పాము వైపు చూసి బతికారు, మనుష్యకుమారుడూ అలాగే ఎత్తబడాలి అన్నాడు. మన జిల్లాలో పత్తి చేలల్లో పాము కరిచినవాణ్ని ఆస్పత్రికి మోసుకొచ్చినవాళ్లను అడగండి, ఏ పుట్టలోంచి వచ్చిందన్న విచారణ ఎవరికి గుర్తుంటుందో.

పాపం రాకముందు చావే లేదు కదా?

అమ్రాబాద్ అడవి నల్గొండ, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పరుచుకుని ఉంది. అక్కడి పెద్దపులి పళ్లు చూడండి. గడ్డి మేయడానికి చేసినవి కావవి. 104వ కీర్తన సింహపు పిల్లలు వేట కోసం గర్జిస్తూ తమ ఆహారాన్ని దేవుని చేతిలోనుండి తీసుకోజూస్తాయని పాడుతుంది. కీర్తనకారుడికి అందులో శాపమేమీ కనబడలేదు.

"తిను దినమున నిశ్చయముగా చచ్చెదవు" అని దేవుడి చేత చెప్పించుకున్న ఆదాము ఆ దినమున చావలేదు, 930 ఏళ్లు బతికాడు. అంటే ఆ చావు గుండె ఆగడం కంటే వేరేది. దేవుడు నడిచొస్తుంటే చెట్ల చాటుకు పోవడం మొదలైంది ఆ రోజే.

కోట్ల ఏళ్ల బాధతో సృష్టి చేసేవాడు ప్రేమగల దేవుడెట్లా అవుతాడు?

పత్తి రైతులు చేలో కట్టే ట్రైకో కార్డులు చూశారా? తపాలా బిళ్లంత అట్టముక్క మీద బొబ్బరగింజ కన్నా చాలా చిన్నవి, నల్లటి చుక్కలు వందలుంటాయి. పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టి లోపలినుంచి తినేసే బుల్లి కందిరీగలు వాటిలోంచి వస్తాయి. వీటి దూరపు చుట్టం ఒకటి బతికున్న గొంగళిపురుగు లోపల పెరుగుతుంది. దయగల దేవుడు కావాలని ఇలాంటిదాన్ని చేశాడంటే నమ్మలేకపోతున్నానని డార్విన్ 1860లో అమెరికా శాస్త్రవేత్త ఏసా గ్రేకు ఉత్తరం రాశాడు. అంతకు తొమ్మిదేళ్ల ముందు పదేళ్ల కూతురు ఆనీని పోగొట్టుకున్న తండ్రి ఆయన. గ్రే మాత్రం చివరిదాకా క్రైస్తవుడే, పరిణామం పక్షమే.

నాకు ఈ ప్రశ్న పురుగులతో మొదలవలేదు, ఫ్లోరైడ్‌తో మొదలైంది. మా చిన్నప్పుడు మర్రిగూడ వైపు చుట్టాలింటికి పోతే ముప్పై ఏళ్లకే నడుం వంగి, కర్ర రెండు చేతులతో పట్టుకుని, మెడ పక్కకు తిప్పి పైకి చూస్తూ మాట్లాడేవాళ్లు ఉండేవాళ్లు. ఎదుటివాడి మొహం చూడాలంటే వాళ్లకు ఒళ్లంతా తిప్పాలి. కొన్నేళ్ల కిందట అటువైపు ఒక ప్రార్థన సభలో, బయటినుంచి వచ్చిన బోధకుడు అలాంటి పెద్దాయన్నే ముందుకు పిలిచి, "మీ పితరుల విగ్రహారాధన శాపం ఇది" అన్నాడు. పెద్దాయన ఏమీ అనలేదు. మెడ తిప్పి జనం వైపు చూశాడు. నేనూ ఏమీ అనలేదు, అది ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

మన కింద ఉన్న గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. దాని ఖనిజాల్లోని ఫ్లోరైడ్‌ను నీళ్లు మెల్లగా కరిగించుకుంటాయి, లోతు బోర్లు వేసి ఆ నీళ్లు మనం తాగాం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. ఏ పితరుడూ పుట్టకముందే ఆ రాయిలో విషం ఉంది. నీళ్లలోంచి దాన్ని పటిక, సున్నంతో తీసే పద్ధతిని ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అంటుంది. తర్వాత కృష్ణా నీళ్లొచ్చాయి.

పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు అడిగింది కూడా ఇదే: "ఎవడు పాపము చేసెను? వీడా, వీని కన్నవారా?" వీడూ కాదు, వీళ్లూ కాదు అన్నాడు యేసు, నేలమీద ఉమ్మి బురద చేసి వాడి కళ్లకు పూసి చూపిచ్చాడు. లోకంలోని ప్రతి నొప్పినీ ఆదాము ఖాతాలో రాసేవాళ్లకు ఆయన జవాబు ఎక్కడ సరిపోతుంది?

ఇంత చెప్పినా, ఎందుకిలా అన్నదానికి నా దగ్గర జవాబు పూర్తిగా లేదు. "సృష్టి యావత్తు ఇదివరకు ఏకగ్రీవముగా మూలుగుచు ప్రసవవేదన పడుచునున్నది" అని పౌలు రాశాడు. చావునొప్పి అనలేదు, కాన్పునొప్పి అన్నాడు. నేను ఆ తేడాను పట్టుకుని వేలాడుతున్నాను. పట్టు కొన్ని రోజులు గట్టిగా ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు.

జంతువులకు రక్షణ ఉందా?

కుక్కపిల్ల చచ్చిపోయిన పిల్లలు అడుగుతారు. క్రీస్తు ద్వారా దేవుడు సమస్తాన్నీ తనతో సమాధానపరచుకున్నాడని కొలొస్సయుల పత్రికలో ఉంది. సమస్తంలో కుక్కపిల్ల లేదని చెప్పే ధైర్యం నాకు లేదు.

నియాండర్తల్ మనుషుల సంగతి?

వాళ్లు ఎప్పుడో అంతరించిపోయిన మరో రకం మనుషులు. ఆఫ్రికా బయటి వాళ్లందరిలో, మీలోనూ నాలోనూ, వాళ్ల డీఎన్‌ఏ ఒకటి రెండు శాతం ఉంది. వాళ్లకు ఆత్మ ఉందా అని అడిగితే, ఆ తీర్పు నన్ను అడగనందుకు సంతోషం.

పరిణామం ఒప్పుకుంటే ఎక్కువ జాతి తక్కువ జాతి అని ఒప్పుకున్నట్టే కదా?

కొందరు అలా వాడుకున్నారు, నిజమే. డీఎన్‌ఏ చెప్పింది మాత్రం దానికి అడ్డం. హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు అమెరికావాళ్లతో కలిసి 2009లో ప్రకటించిన పరిశోధనలో 25 సమూహాల నమూనాలున్నాయి. మన దగ్గరి మాల, మాదిగ, వెలమ, వైశ్య, కంసాలి, చెంచు అందరూ వాటిలో ఉన్నారు. దేశం ప్రధాన భూభాగంలో దాదాపు అందరూ రెండు పాత జనాల కలయికే, పాళ్లలోనే తేడా అని తేలింది. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా సాగి, తర్వాత ఆగిందని 2013లో చెప్పారు. ఆగడం అంటే మీకు తెలుసు: పెళ్లిళ్లు కులంలోనే.

"యొకనినుండి ప్రతి జాతి మనుష్యులను సృష్టించి" అని ఏథెన్సులో పౌలు ప్రసంగించాడు. అది చదివే చర్చిలోనే పెళ్లి సంబంధం అనగానే కులం అడుగుతారు, కొన్ని ఊళ్లలో సమాధుల దొడ్డికి కూడా రెండు దారులుంటాయి. ఆదాము చారిత్రక పురుషుడా కాదా అని గంటలు వాదించేవాళ్లు ఈ సంగతి దగ్గర గొంతు తగ్గిస్తారు. నాకు కోపం వచ్చే చోటు ఇదొక్కటే.

ఇది నాస్తికుల సిద్ధాంతం కదా?

బఠాణీ మొక్కలతో అనువంశికత సూత్రాలు కనిపెట్టిన మెండెల్ సన్యాసి, మఠం తోటలోనే ప్రయోగాలు చేశాడు. పరిణామాన్ని జన్యుశాస్త్రంతో కలిపినవాళ్లలో ఒకడైన దొబ్జాన్‌స్కీ ఆర్థడాక్స్ క్రైస్తవుడు. మానవ జీనోమ్ ప్రాజెక్టు నడిపిన ఫ్రాన్సిస్ కాలిన్స్ యేసును నమ్మినవాడు. నమ్మనివాళ్లూ చాలామంది ఉన్నారు. మైక్రోస్కోపు ఎవరి కంటికైనా అదే చూపిస్తుంది.

ఇదంతా మా చర్చిలో చెప్తే ఊరుకుంటారా?

సంఘాన్ని బట్టి ఉంటుంది. కతోలిక విచారణల్లో పెద్దగా గొడవ ఉండదు. బాప్టిస్టు, మెన్నొనైట్ బ్రదరెన్ పాత సంఘాల్లో పెద్దమనుషులు వింటారు, ఒప్పుకోరు. కొత్త ప్రార్థనా మందిరాల్లో అయితే మైకు చేతికి రాదు. ఇంటర్ పిల్లలకు నా సలహా: పరీక్షలో చదివింది రాయండి, అది అబద్ధసాక్ష్యం కిందికి రాదు. పాస్టరు గారితో విడిగా, టీ తాగుతూ మాట్లాడండి. సభలో లేచి అడిగితే ఆయనకు జవాబు కన్నా పరువు ముఖ్యమవుతుంది.

రక్షణ ఒక్కరోజులో వస్తుందా, పరిణామంలాగా మెల్లగానా?

చీటీల మీద వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. మన దగ్గర సాక్ష్యం చెప్పేటప్పుడు తేదీ చెప్పాలి, ఫలానా సంవత్సరం ఫలానా కూటంలో అని. దమస్కు దారిలో పౌలుకు ఒక్క క్షణంలో అయింది. పేతురుకు ఎన్నిసార్లు అయిందో లెక్క లేదు.

మా అమ్మకు పుట్టినరోజే తెలియదు. బాప్తిస్మ రిజిస్టరు కొత్తగా రాస్తూ సంఘ కార్యదర్శి ఇంటికొచ్చి, "అమ్మా, రక్షణ పొందిన తేదీ చెప్పండి" అన్నాడు. అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. "డిండి అలుగు పోసిన ఏడు షురువైంది బిడ్డా" అంది. ఆయన ఏ సంవత్సరం అని మళ్లీ అడిగాడు. అమ్మ రాయి ఒకటి ఏరి పక్కన పెట్టి, "ఇంకా అయితనే ఉన్నది, రాస్కో" అంది. ఆయన పెన్ను మూత పెట్టి, ఆ గడి ఖాళీగా వదిలి, చాయ్ తాగి పోయాడు.